వాగు కంటే ముందు చేరాల్సిన మెసేజ్

మొన్న జనగామలో ఒక కాలేజీ వాళ్లు పిలిచి పిల్లలకు నాలుగు మాటలు చెప్పమన్నారు. ఉద్యోగమంతా కంప్యూటర్ల ముందే గడిపాను కదా, అనుభవం చెప్తే చాలన్నారు. చెప్పాను. చివర్లో ఒక అమ్మాయి లేచి, ఇప్పుడు కంప్యూటర్లు ఇంత వేగంగా ఉన్నాయి కదా మేడం, ప్రోగ్రాంలో ఒకే పనిని మళ్లీ మళ్లీ చేసే లూప్ కాస్త నెమ్మదిగా తిరిగితే మాత్రం ఏమవుతుంది అని అడిగింది. మంచి ప్రశ్న. నేనేమో మెమరీ, కాపీలు అంటూ ఏదో అప్పజెప్పి కూర్చున్నాను. ఇంటికొచ్చాక నా మీద నాకే చిరాకేసింది. అసలు జవాబు చెప్పకుండా పాఠం చెప్పి వచ్చానని. ఆ జవాబు కాస్త పొడుగు, అందుకే ఆ పిల్లల కోసం కాగితం మీద పెడుతున్నాను.

నా ఉద్యోగంలో చివరి ఏళ్లు భూపాలపల్లిలో గడిచాయి. కొత్త జిల్లాలు ఏర్పడ్డాక కంప్యూటర్ పని తెలిసినవాళ్లను అటూ ఇటూ సర్దుతూ నన్నక్కడికి వేశారు. అడవిలో పోస్టింగేంటని మా అమ్మీ కొన్నాళ్లు నాతో మాటలు తగ్గించింది. దఫ్తరు పెద్ద భవనంలో జాగా లేక మా సెక్షన్‌ను వెనకాల ఒక రేకుల షెడ్డులో పెట్టారు. ఎండాకాలం పెనం మీద కూర్చున్నట్టుండేది. వానాకాలం ఆ రేకుల చప్పుడుకు పక్కవాళ్ల మాట కూడా వినపడేది కాదు. పెద్దసారు ఏదైనా చెప్పాలంటే చీటీ రాసి చేతికిచ్చేవారు.

మా పనుల్లో ముఖ్యమైనది వానాకాలంలోనే వచ్చేది. మహదేవపూర్ దాటి గోదావరి వైపు పోతే చాలా ఊళ్లు వాగుల అవతల ఉంటాయి. వాగు పొంగితే ఆ ఊరికి దారి లేనట్టే. అందుకని నెలలు నిండిన ఆడవాళ్లను వాన ముదరకముందే దవాఖానకు చేర్చి, కాన్పు అయ్యేదాకా అక్కడే ఉంచడం ఆ ప్రాంతంలో పద్ధతి. పెద్ద వాన హెచ్చరిక రాగానే ఏ ఊరికి ఏ బండి పోతుంది, ఎక్కడ ఆగుతుంది, డ్రైవర్ ఫోన్ ఏది అన్నవి తేలుతాయి. ఆ వివరాలన్నీ కలిపి ఆశా కార్యకర్తలకు, ఇంటివాళ్లకు, డ్రైవర్లకు ఎవరి మెసేజ్ వాళ్లకు పంపాలి. ఆ మెసేజ్‌లు తయారుచేసే ప్రోగ్రాం మా షెడ్డులో నడిచేది.

దాన్ని రాసింది నా కింద పనిచేసే ఒక తమ్ముడు. మహబూబాబాద్ వాడు. ఉద్యోగంలోకి రాకముందు అక్కడ డీటీపీ సెంటర్ నడిపాడు. అందరూ నన్ను మేడం అంటే, తను మాత్రం అక్కా అన్నట్టు ఆపా అనేవాడు. టైపింగ్‌లో అతని వేళ్లు కనపడేవి కావు. పెళ్లిళ్ల కాలంలో రోజంతా శుభలేఖలు కొట్టినవాడు మరి. అప్పట్లో అతను చేసే పద్ధతేమిటంటే, పది పెళ్లిళ్ల కార్డులనూ ఒకే ఫైల్లో వరసగా పెట్టుకోవడం. పేరున్న చోట ఒక గుర్తు, ముహూర్తం ఉన్న చోట ఇంకో గుర్తు. తర్వాత ఒక్కో గుర్తునూ తీసుకుని, ఫైలంతటా ఒక్క దెబ్బకు మార్చేయడం. మార్చిన ప్రతిసారీ ఫైలును భద్రం చేయడం. ఎందుకంటే మహబూబాబాద్‌లో కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు, పోతే పెళ్లివారి ముందు తల దించుకోవాలి.

ఆ అలవాటునే అతను ప్రోగ్రాంగా రాశాడు. మొత్తం మెసేజ్‌లన్నీ కలిపి ఒకే పొడవాటి పాఠం, అంటే వరసగా రాసిన అక్షరాలు. వివరాలన్నీ ఒక పట్టిక. పట్టికలో మొదటి గుర్తు తీసుకుంటుంది, పాఠం మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా వెతికి మార్చుతుంది, డిస్కులో రాస్తుంది. రెండో గుర్తుకు ఆ ఫైలును మళ్లీ తెరిచి, మళ్లీ మొదటి అక్షరం నుంచి. పట్టిక అయ్యేదాకా ఇదే తిరుగుడు.

మొదట్లో రెండు మండలాల ఊళ్లకే పెట్టాం. చాయ్ తాగి వచ్చేలోగా అయిపోయేది. అందరూ మెచ్చుకున్నారు, నేనూ మెచ్చుకున్నాను. తర్వాత ఒక్కో మండలమూ కలుస్తూ పోయింది. ఊళ్లు పెరిగితే పాఠం పెరుగుతుంది, పట్టికా పెరుగుతుంది. రెండూ కలిసి పెరిగేసరికి పని ఎన్నింతలవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. మాకు మాత్రం ఎవరూ చెప్పలేదు. చాయ్ పోయి సమోసా వచ్చింది, సమోసా పోయి పగటి భోజనం వచ్చింది. ఎవరైనా వచ్చి పని అడిగితే, ప్రోగ్రాం నడుస్తుంది ఆగండి అనడం మాకు ఎంత హాయిగా ఉండేదో. అంత మర్యాదైన సాకు సర్కారు దఫ్తరులో ఇంకోటి దొరకదు.

ఒక వానాకాలం ముగిశాక ఆశా కార్యకర్తలతో సమావేశం పెట్టారు. పెద్దసారు వేదిక మీద నుంచి, మెసేజ్‌లు బాగా అందుతున్నాయి కదా అని అడిగారు. ముందు వరసల వాళ్లు తలూపారు. వెనక వరసలోంచి ఒకామె లేచింది. మహదేవపూర్ అవతల వాగొడ్డు ఊరు ఆమెది. గొంతు పెంచకుండానే మాట్లాడింది.

"మెసేజ్ వచ్చింది సార్. పొద్దుగాల రావల్సింది, పగటి అన్నాలు తిన్నంక వచ్చింది. బండి వాగు అవతల నిలవడ్డది, తోలుకరాండ్రి అని ఉంది అండ్ల. అప్పటికే వాగు వస్తుంది. సర్కారోళ్లు చూసుకోకుంట రమ్మంటరా అనుకొని ట్రాక్టర్ ఎక్కిచ్చి వాగుల దిగినం. నడుమల ఇంజన్ ఆగింది. తల్లి దక్కింది. బిడ్డ దక్కలె."

పెద్దసారు మైకు సర్దుకుని, అటువైపు నెట్‌వర్క్ సరిగా ఉండదు, సంబంధిత కంపెనీకి రాస్తాం అన్నారు. అందరికీ ఊపిరి ఆడింది. నెట్‌వర్క్‌కు నోరు లేదు కదా, ఏ తప్పు మోపినా మోస్తుంది.

నాకు మాత్రం ఆమె చెప్పిన మాటలో ఒకటి మనసులో గుచ్చుకుంది. మెసేజ్ రాకపోతే వాళ్లు వాగులోకి దిగేవాళ్లే కాదు. ఇంట్లోనో, మంత్రసానితోనో ఏదో తిప్పలు పడేవాళ్లు. మన మాట నమ్మి దిగారు. ఆలస్యంగా చేరిన మంచి మాట, చెడ్డ మాటగా మారిపోయిందన్నమాట. సమావేశం అయ్యాక షెడ్డుకు పోయి, వాళ్లు వాగులో దిగిన రోజు లెక్కలు తీసి చూశాను. బటన్ నొక్కింది పొద్దున దఫ్తరు తెరవగానే. మెసేజ్‌లు మా మెషిన్ దాటింది భోజనాల తర్వాత. నెట్‌వర్క్ నిమిషం కూడా ఆపలేదు. పొద్దంతా ఆ మెసేజ్ మా షెడ్డులోనే, మా పక్కనే ఉంది.

వెనక్కి తిరిగి చూస్తే ఆ తమ్ముడు నా కుర్చీ వెనక నిలబడి ఉన్నాడు. తెర మీది అంకెలు అతనూ చూశాడు.

"ఆపా, నా ప్రోగ్రాం వల్లనేనా?"

నాకు కోపం తొందరగా వస్తుంది, ఓదార్చడం చేతకాదు. అబద్ధం చెప్పి ఊరుకోబెట్టడం అంతకన్నా చేతకాదు. "ప్రోగ్రాం వల్లనే. కానీ నువ్వొక్కనివే గాదు. బటన్ నొక్కి చాయ్‌కి పోయినోళ్లం అందరం" అన్నాను. అతను మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. మూడో నాడు వచ్చి, నేనేమీ అడగకముందే తన కుర్చీని నా బల్ల దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

మొదట వాదించాడు. ఇన్నేళ్లలో ఒక్క ఊరి పేరైనా తప్పు పోయిందా అన్నాడు. పోలేదు. అదే చిక్కు. తప్పు చేసే ప్రోగ్రాంను ఎవరైనా పట్టుకుంటారు. ఆలస్యంగా ఒప్పు చేసేదాన్ని ఎవరూ పట్టుకోరు.

అతనికి అర్థమయ్యేలా చెప్పడానికి నాకు మా ఇంటి వంటగదే దిక్కయింది. బియ్యంలో రాళ్లు ఏరేటప్పుడు ఏం చేస్తాం? చాటను ముందర పెట్టుకుని ఒక కొస నుంచి చూస్తూ పోతాం, కనపడిన రాయినల్లా తీసి పారేస్తాం. మన ప్రోగ్రాం ఏం చేస్తుంది? ఒక్క రాయి తీసి, బియ్యమంతా ఇంకో చాటలో పోసి, రెండో రాయి కోసం మళ్లీ మొదటి గింజ నుంచి చూస్తుంది. మీకు క్లాసులో చెప్పే సంగతే. పాఠంలో ఒక్క ముక్క మార్చమన్నా కంప్యూటర్ పాతదాన్ని దిద్దదు, మొత్తం పాఠాన్ని కొత్తగా రాసుకుంటుంది. మేము దాన్ని వేలసార్లు రాయించాం, పైగా కరెంటు భయంతో ప్రతిసారీ డిస్కుకెక్కించాం. ఆ మెషిన్‌కు బ్యాటరీ ఉందన్న సంగతి కూడా అలవాటు మరిచిపోయింది.

కొత్తగా రాయడానికి పెద్ద తెలివేమీ పట్టలేదు. పట్టికను ముందే తెరిచి, గుర్తు అడగ్గానే వివరం చెప్పే నిఘంటువులా మెషిన్ జ్ఞాపకంలో పెట్టుకున్నాం. పాఠం మీద ఒక్కసారే నడిచాం. గుర్తు ఎదురైతే దాని వివరం, లేకపోతే ఉన్న మాట, ముక్కలన్నీ పక్కన పేర్చుకుంటూ పోయి చివర్లో ఒకేసారి కలిపాం. ఇదంతా ఏ పుస్తకంలోనైనా ఉంటుంది.

పుస్తకంలో లేనిది ఆ తమ్ముడు అడిగాడు. ముక్కలు పేరుస్తూ పేరుస్తూ ఆగి, "ఆపా, మొదటోళ్ల మెసేజ్ ఇప్పుడే అయిపోయింది గదా. కడమోళ్లదాక ఎందుకు ఆపుడు? పంపుదాం" అన్నాడు.

నిజమే. పాత పద్ధతిలో చివరి గుర్తు మారేదాకా ఏ ఒక్క మెసేజ్ పూర్తయ్యేది కాదు. ప్రతి ఊరూ ప్రతి ఊరి కోసం ఆగేది. వాగు పక్క ఊరి మెసేజ్, వాగే లేని ఊరి మెసేజ్ కోసం కాచుకుని కూర్చునేది. ఇప్పుడు ఎవరిది తయారైతే వాళ్లది వెళ్లిపోవచ్చు. అందుకని వాగుల అవతలి ఊళ్లను పట్టికలో పైకి తెచ్చాం. మొదట ఆ సమావేశంలో లేచి మాట్లాడినామె ఊరే పెట్టాడతను. నేను చూసి, దాన్ని అట్లాగే ఉంచాను.

పెద్దసారు ఒప్పుకోవడానికి మాత్రం తెలివి కన్నా ఓపిక ఎక్కువ కావాల్సి వచ్చింది. నడుస్తున్నదాన్ని ముట్టుకోవద్దు, తేడా వస్తే జవాబెవరు చెప్తారు అన్నారు. ఆలస్యానికి జవాబు ఎవరు చెప్పారు సార్ అని నేను కొంచెం గట్టిగానే అన్నాను. చివరికి పోయినేడాది పట్టికతో పాతదీ కొత్తదీ రెండూ నడిపి చూపించమన్నారు. ఆయన కుర్చీ లాక్కుని కూర్చునేలోగా కొత్తది ముగిసింది. ఆయన అనుమానంగా తెరకేసి చూసి, "ఇది పని చేసినట్టు లేదమ్మా, మళ్లీ నొక్కండి" అన్నారు. మళ్లీ నొక్కాం. అప్పుడూ నమ్మలేదు. పాతది పొద్దంతా ఆయాసపడి ముగిశాక, రెండింటి ఫలితాలనూ అక్షరం అక్షరం పోల్చి తేడా లేదని చూపిస్తే సంతకం పెట్టారు. మనవాళ్లకు పనంటే ఆయాసం కనపడాలి.

మరుసటి వానాకాలం. ఒక పొద్దున దఫ్తరుకు వచ్చేసరికే భూపాలపల్లి మీద వాన విరుచుకుపడుతోంది. షెడ్డు రేకులు పగిలిపోతాయేమో అన్నట్టు చప్పుడు. హెచ్చరిక వచ్చింది, బండ్ల వివరాలు వచ్చాయి. ఆ తమ్ముడు బటన్ నొక్కాడు. ఎవరూ చాయ్‌కి పోలేదు. పోయే వ్యవధి కూడా లేదు, తెర మీద ‘పంపబడింది’ అన్న మాటలు వరసగా పడుతూనే ఉన్నాయి.

కాసేపటికి నా ఫోన్ మోగింది. ఆ ఆశా కార్యకర్తే. సమావేశం తర్వాత నేనే ఆమెకు నంబర్ ఇచ్చి ఉంచాను. మెసేజ్ వచ్చిందట. ఇంటివాళ్లు మాత్రం కదలడం లేదట. ఏ ఇల్లని అడిగాను. కిందటేడు బిడ్డను పోగొట్టుకున్న ఇల్లే. ఆ కోడలికే మళ్లీ నెలలు నిండాయి. అత్త గడపలో అడ్డం కూర్చుందట, ఎవరు చెప్పినా వినడం లేదట. మీరొకసారి మాట్లాడండి మేడం అని ఫోన్ ఆమె చేతికిచ్చింది. రేకుల చప్పుడుకు ఆ మాటలు పట్టుకోవడానికి ఒక చెవి మూసుకుని ఫోన్ రెండో చెవికి అదిమి పెట్టుకున్నాను.

"ఎవలు నువ్వు?"

"మెసేజ్ పంపే దఫ్తరుల పనిచేస్తనవ్వా."

"పోయినేడు గూడ మీరే పంపిండ్రు. మీ మాట విని వాగుల దిగినం. నా మనుమన్ని నా చేతుల్తోని మట్టిల పెట్టిన. గిప్పుడు ఈడ సుక్క వాన లేదు, ఎండ కొడుతుంది. మళ్ల మీ మాట వినాల్నా నేను?"

లూపు మార్చాం అవ్వా, ఇప్పుడు పాఠం మీద ఒక్కసారే నడుస్తున్నాం అని చెప్పనా? పక్కన ఆ తమ్ముడు నా మొహం చూస్తూ నిలబడ్డాడు. ఇంత కష్టపడి మెసేజ్‌ను వాగు కంటే ముందు చేర్చాం, తీరా చేరితే దాన్ని నమ్మేవాళ్లు లేరు. మేము ఆలస్యం చేసిన ఏళ్లన్నీ ఆ గడపలో అడ్డం కూర్చున్నాయి. నిజం చెప్తున్నాను, నాకు ఏడుపొచ్చింది.

ఏం తోచిందో ఏమో, లేచి తలుపు దగ్గరికి పోయి ఫోన్ పట్టుకున్న చేతిని రేకుల చూరు కిందికి చాపాను. కాసేపు అట్లాగే ఉంచాను. చెయ్యి మోచేతి దాకా తడిసింది. మళ్లీ చెవికి పెట్టుకుని గట్టిగా అరిచాను.

"విన్నవా అవ్వా? గిది భూపాలపల్లి వాన. గీ నీళ్లే మీ వాగుకొస్తయ్. ఇంక తొవ్వల ఉన్నయ్. ఈసారి నీళ్ల కంటె ముందు మెసేజ్ వచ్చింది. మీ వాగు ఎండి ఉన్నప్పుడే దాటుండ్రి."

తడిసిన ఫోన్‌ను తుడిచి మళ్లీ చెవికి ఆనించాను.

"మస్తు పడుతుందా?" అంది.

"మస్తు పడుతుందవ్వా."

ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత మా షెడ్డులో ఎవరికీ పని సాగలేదు. పెద్దసారు కూడా ఏదో వంకతో రెండుసార్లు వచ్చి తలుపు దగ్గర నిలబడి పోయారు. చాలాసేపటికి ఆశా కార్యకర్త ఫోన్ చేసింది. వెనకాల బండి ఇంజన్ చప్పుడు వినపడుతోంది.

"దాటినం మేడం. అరికాళ్లు గూడ తడువలె."

నేనా మాట చెప్పగానే ఆ తమ్ముడు బయటికి పోయాడు. వానలోనే నడుచుకుంటూ పోయి, అందరికీ చాయ్ చెప్పి, తడిసి ముద్దయి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. వాన నీళ్లే అనుకుంటానని అతనికి తెలుసు కాబట్టి దాచుకోలేదు. ఆ సాయంత్రానికి ఆ వాగు పొంగింది. కోడలు మాత్రం దవాఖానలో మంచం మీద ఉంది. కొన్నాళ్లకు ఆడపిల్ల పుట్టింది.

కాలేజీలో అడిగిన అమ్మాయీ, లూపు నెమ్మదిగా తిరిగితే ఏమవుతుందన్నావు కదా. చాలాసార్లు ఏమీ కాదు. నువ్వు సమోసా తిని వస్తావు, అంతే. కాకపోతే నీ ప్రోగ్రాం చివర ఎవరు కూర్చుని ఉన్నారో నీకు తెర మీద కనపడదు. నీ ఆలస్యానికి వాళ్లు ముందు అలవాటు పడతారు, తర్వాత నీ మాట నమ్మడం మానేస్తారు. కోడు మార్చడం కొన్నాళ్ల పని. ఆ నమ్మకాన్ని తిరిగి తెచ్చుకోవడానికి నాకు ఏ భాషలోనూ ఆదేశం దొరకలేదు, చెయ్యి తడుపుకోవాల్సి వచ్చింది.

నేను రిటైరై జనగామ వచ్చేశాను. ఆ తమ్ముడు ఇంకా ఆ షెడ్డులోనే ఉన్నాడు, మెసేజ్‌లు పంపుతూనే ఉన్నాడు. మొన్న కాలేజీ నుంచి వచ్చిన సాయంత్రం ఇక్కడ వాన మొదలైంది. కిటికీలు మూస్తుంటే ఫోన్ మోగింది. ఆ అవ్వే. ఆ రోజు తర్వాత ఆశా కార్యకర్తను అడిగి నా నంబర్ తీసుకుందట, మబ్బు పట్టినప్పుడల్లా చేస్తుంటుంది.

"బిడ్డా, మాకాడ మబ్బయింది. నీ కాడ పడుతుందా?"

పడుతుందని చెప్పాను. నేనిప్పుడు భూపాలపల్లిలో లేనని, జనగామ వాన మీ వాగుకు రాదని కూడా చెప్పాను. ఇది ఎన్నోసారి చెప్పడమో నాకే తెలియదు.

"గది నాకు తెల్వదా," అంది అవ్వ. "నా మనుమరాలు వింటదట. జర వినిపియ్యి."

నేను మూసిన కిటికీ తెరిచి ఫోన్ బయటికి పెట్టాను.